కెజియాకి పదిమంది మెంటార్లు

నందిరేవు సంఘానికి నాయకుల కరువు ఏనాడూ లేదు. ఆదివారం ఆరాధనలో వేదిక మీద కూర్చునేవాళ్ళకీ కింద కూర్చునేవాళ్ళకీ లెక్కలో పెద్ద తేడా ఉండేది కాదు. సెక్రటరీ, జాయింటు సెక్రటరీ, మాజీ సెక్రటరీ, ఎప్పటికైనా సెక్రటరీ అవుదామని కాచుక్కూచున్నాయన, ఇలా ఎవరి హోదా వాళ్ళకుంది. యవ్వనస్థుల సంఘానికి అధ్యక్షుడు నెహెమ్యాగారు. ఆయన మనవడు బడికి కూడా వెళ్తున్నాడు. జుట్టుకి రంగేసుకున్నంత కాలం తను యవ్వనస్థుడినేనని ఆయన నమ్మకం. ఆ రంగు మానే ఉద్దేశం ఆయనకి బొత్తిగా లేదు.

అలాంటి సంఘానికి నాయకులు లేరన్న సంగతి హైదరాబాదులో బయటపడింది. సెక్రటరీ బర్నబాసుగారు రిజిస్ట్రారాఫీసులో పనిచేసి రిటైరైన మనిషి. ఆయన ఒక పెద్ద హోటల్లో జరిగిన సదస్సుకి వెళ్ళి, ఒక సంచీ, మెళ్ళో వేలాడే కార్డు, ‘మెంటారింగ్’ అనే మాట పట్టుకుని తిరిగొచ్చారు. సంచీ మనవరాలికిచ్చారు. మాట సంఘానికిచ్చారు.

“పెద్దలందరికీ వందనములు,” అని లేచారు ఆయన కమిటీ సమావేశంలో. “సదరు సదస్సులో తెలియవచ్చినదేమనగా, ప్రతి సంఘంలోనూ ఉదయించు నాయకులు అను ఒక వర్గం ఉంటుంది. వారిని గుర్తించి, ప్రోత్సహించి, తీర్చిదిద్దు బాధ్యత ఉదయించిన నాయకులదై ఉన్నది.”

“ఉదయించినవాళ్ళంటే ఎవరండీ?” అన్నారు ఎలీషా మాస్టారు. హెడ్మాస్టరుగా రిటైరైనా ఆయన ఏ ప్రశ్నైనా జవాబు తెలిసే అడుగుతారు.

“ఇంకెవరు, మనమే.”

కమిటీ అంతా హాయిగా ఊపిరి పీల్చుకుంది. ఉదయించేవాళ్ళు ఎవరన్నదే ఇక తేలాల్సింది. ఊళ్ళో కుర్రకారంతా బెంగుళూరుకో, గల్ఫుకో ఎప్పుడో వెళ్ళిపోయారు. మిగిలినవాళ్ళు క్రిస్మస్‌కి తప్ప గుమ్మం తొక్కరు. తిప్పి తిప్పి చూస్తే నెత్తిన ముసుగేసుకుని మూల కూర్చునే కెజియా ఒక్కతే దొరికింది.

కెజియా రైల్వే స్టేషన్ ఎదురుగా ఉన్న మందులషాపులో పనిచేస్తుంది. వారమంతా బిళ్ళలు కత్తిరించి ఇచ్చి, ఆదివారం మధ్యాహ్నం కాలవకట్ట కాలనీకి పోతుంది. అక్కడి ఆడవాళ్ళు, మగవాళ్ళు రొయ్యల షెడ్డులో పనిచేస్తారు. సెలవూ లేదు, ఆదివారమూ లేదు. వాళ్ళ పిల్లల్ని పోగేసి, నీళ్ళ పంపు పక్కన టార్పాలిన్ పట్టా కప్పిన నీడలో చాపలు పరిచి, పాటలు, ఒక కథ, చివర్లో నాలుగు అక్షరాలు నేర్పుతుంది. చెయ్యమని ఎవరూ చెప్పలేదు, మానమనీ ఎవరూ అనలేదు. ఆ రెండు గంటల కోసమే ఆమె వారమంతా బతికేది. అది ఆమె ప్రాణం అంటే అతిశయోక్తి కాదు.

కమిటీ పిలిచిందనగానే, చాపలు ఇస్తారేమో, పలకలు కొంటారేమో అనుకుని పాపం సంబరంగా వెళ్ళింది.

“అమ్మా కెజియా, నిన్ను ఉదయించు నాయకురాలిగా గుర్తించాం,” అన్నారు బర్నబాసుగారు. అందరూ చప్పట్లు కొట్టారు. “కాబట్టి వచ్చే వారం నించీ ఆ కాలనీ క్లాసు ఆపేస్తున్నావు.”

కెజియా తన చెవుల్ని తనే నమ్మలేకపోయింది. “ఆపడమెందుకండీ?”

“ఇప్పటికే నాయకత్వం వహిస్తున్నవారు ఉదయించు నాయకులు ఎట్లా అవుతారమ్మా? నిబంధన ఒప్పుకోదు. ముందు ఆపాలి. ఆపినాక ఉదయించాలి.”

“అయితే నన్నొదిలేయండి సెక్రటరీగారూ. నేను ఉదయించను. ఆ పిల్లలు నాకోసం చూస్తుంటారు.”

“అట్లా అంటే ఎట్లాగ? ఉన్నదానివి నువ్వొక్కదానివే. నువ్వు కూడా ఉదయించనంటే మన సంఘాల హెడ్డాఫీసుకి ఏమని రాయాలి మేము?”

కెజియా గొంతు పెంచబోయింది. సరిగ్గా అప్పుడే అయ్యగారు, అంటే పాస్టరు జెఫన్యాగారు, “ప్రార్థన చేసుకుందాం,” అన్నారు. అయ్యగారు నెమ్మదస్థుడు. గొడవ వాసన తగిలితే చాలు, ఆయన రెప్పలు వాటంతటవే వాలిపోతాయి. నందిరేవు సంఘంలో ఏ తీర్మానమైనా నెగ్గేది చర్చలో కాదు, ప్రార్థనలో. “ప్రభువా, నీ కుమార్తె కెజియా సంతోషంగా ఆ క్లాసు మాని, పెద్దల కింద శిక్షణకు ఒప్పుకున్నందుకు నీకు స్తోత్రం,” అని ఆయన కళ్ళు మూసుకుని చెప్పేశారు. దేవుడికే చెప్పేశాక మనిషి కాదనేదేముంది? చిన్నప్పటి అలవాటు కొద్దీ అందరితోపాటు కెజియా కూడా ఆమేన్ అంది. అన్నాక నాలుక కరుచుకుంది. అప్పటికే బర్నబాసుగారు ‘ఏకగ్రీవం’ అని రాసేసుకున్నారు.

ఇక మెంటారు ఎవరన్న ప్రశ్న వచ్చింది. ప్రశ్నేముంది, అందరూ! కమిటీలో ఒక్కరు కూడా తగ్గలేదు. ఒక్క పిల్లకి పదిమంది మెంటార్లు ఎక్కువ కదా అని అయ్యగారు నసిగితే, ఒకరిని తీసేస్తే ఆ ఒకరు వేరే సంఘం పెట్టుకుంటారని బర్నబాసుగారు చెవిలో చెప్పారు. అది బెదిరింపు కాదు, ఆ ఊళ్ళో ఇదివరకు జరిగినదే. దాంతో కెజియాని పది ముక్కలు చేసి పంచుకున్నారు. వేదిక మర్యాదలు ఎలీషా మాస్టారికి వెళ్ళాయి. మైకు జాయింటు సెక్రటరీకి వెళ్ళింది. వినయం నెహెమ్యాగారికి దక్కింది. ఆయన వెంటనే లేచి, సద్గుణాలన్నిటిలోకీ వినయమే పెద్దది కాబట్టి కరపత్రంలో తన పేరు అందరికంటే పైన వెయ్యాలని పట్టుబట్టారు. వేశారు.

మందులషాపు కట్టేశాక కెజియాకి సాయంత్రాలన్నీ మెంటార్ల ఇళ్ళ చుట్టూ తిరగడంతోనే సరిపోయేది.

“రెండు మాటలు మాట్లాడమని పిలిచారనుకో,” అన్నారు ఎలీషా మాస్టారు పడకకుర్చీలో వెనక్కి వాలి, చూపుడువేలు పైకెత్తి. “రెండే మాట్లాడి దిగిపోయావంటే అది పిలిచినవాళ్ళకి అవమానం. కనీసం అరగంట.”

“మరి చెప్పడానికేమీ లేకపోతే మాస్టారూ?”

“చెప్పడానికేదో ఉంటేనే ఇబ్బందమ్మా. అది తొందరగా అయిపోతుంది.”

జాయింటు సెక్రటరీ మైకు ముందు నిలబెట్టి, “మోగుతున్నా సరే ముందు వేలితో కొట్టాలి. ఇదిగో, ఇట్లా,” అని టకటకా కొట్టి చూపించాడు. కెజియా చెయ్యి చాపబోతే ఉలిక్కిపడి పక్కకి జరిపాడు. “ముట్టుకోకమ్మా! ఇప్పుడప్పుడే కాదు. చూస్తా ఉండు.”

నెహెమ్యాగారి వినయం పాఠం అన్నిటికంటే పొడుగు. నేను దేనికీ పనికిరాను అని ముందుగా చెప్పుకోవాలి. ఏదైనా మంచి జరిగితే అది పెద్దల వల్ల జరిగిందని చెప్పాలి. పెద్దల పేర్లు వరసగా చెప్పాలి, వినయం ఎవరి దగ్గర నేర్చుకున్నదీ మరిచిపోకుండా చివర్లో మళ్ళీ చెప్పాలి. “నేను చూడు, ఇరవయ్యేళ్ళుగా అధ్యక్షుడిగా ఉన్నా ఒక్కనాడైనా గొప్పలు పోయానా? ఈ జిల్లాలో ఇంత వినయం ఉన్నవాణ్ణి ఇంకొకణ్ణి చూపించు!” అని ఆయన బల్ల గుద్దారు.

ఈ లోపల కాలనీ క్లాసుకి ప్రత్యామ్నాయ ఏర్పాటు జరిగింది. మొదటి ఆదివారం ఎలీషా మాస్టారే స్వయంగా బయల్దేరి వెళ్ళారు. చాప మీద కూర్చోలేక నిలబడే, నాయకుడికి ఉండవలసిన లక్షణాల మీద ఉపన్యాసం మొదలుపెట్టారు. మూడో లక్షణం దగ్గర ఒక పిల్లాడు లేచి పంపు దగ్గరకి నీళ్ళు తాగడానికి పోయాడు. ఏడోదానికి వచ్చేసరికి వినడానికి ఒక మేకపిల్ల మిగిలింది. మాస్టారు తిరిగొచ్చి, కాలవకట్ట పిల్లలకి నేర్చుకోవాలన్న ఆసక్తి లేదని నివేదిక ఇచ్చారు. క్లాసు తాత్కాలికంగా నిలిపివేయడమైనదని బర్నబాసుగారు ప్రకటించారు. ఆయన నోట తాత్కాలికం అన్నమాట పడిందంటే అది శాశ్వతమేనని రిజిస్ట్రారాఫీసు మెట్లెక్కిన వాళ్ళందరికీ తెలుసు.

ఆ సంగతి విన్న రోజు కెజియా అన్నం తినలేదు. కాలనీ పిల్లలు జ్వరం బిళ్ళలకో, దగ్గు మందుకో షాపుకొచ్చినప్పుడు, “ఎప్పుడొస్తావక్కా?” అని అడిగేవాళ్ళు. “వచ్చే వారం,” అనేది. కొన్నాళ్ళకి అడగడం మానేశారు.  ఉండబట్టలేక బర్నబాసుగారింటికి వెళ్ళింది.

“నా క్లాసు నాకిచ్చేయండి సెక్రటరీగారూ. ఇంకేమీ వద్దు నాకు. నాయకురాలినని కూడా అనొద్దు.”

“ఇదేనమ్మా మేం కనిపెడుతున్నది. దీన్ని నాయకత్వ దాహం అంటారు. ఇది తగ్గాలి.”

“తగ్గితే ఇస్తారా?”

“తగ్గితే నువ్వు అడగవు గదా!” అన్నారు బర్నబాసుగారు, ఇంత తేలిక విషయం ఈ పిల్లకి ఎందుకు ఎక్కడం లేదా అని జాలిపడుతూ.

మరి ఈ ఉదయించడం ఎప్పటికి అవుతుందని అడిగింది. ఆ మాటకి ఆయన దగ్గర సిద్ధంగా జవాబుంది. పదిమందీ ఏకమై నువ్వు ఉదయించావని ఒప్పుకున్నాక అవుతుంది. పదిమంది ఏకమవడం మాత్రం సంఘ చరిత్రలో ఇంతవరకు లేదు. పోయినేడు మందిరానికి సున్నం వేస్తుంటే రంగు దగ్గర తేడా వచ్చి సగం గోడలు అట్లాగే వదిలేశారు.

ఏడాది తిరిగేసరికి హెడ్డాఫీసు నించి ఉత్తరం వచ్చింది. నందిరేవు మెంటారింగ్ ఆదర్శప్రాయంగా ఉందని విన్నామని, చూడటానికి పర్యవేక్షకులవారు స్వయంగా విచ్చేస్తున్నారని దాని సారాంశం. ఇంకేముంది, ఊరు ఊరంతా హడావుడి. ‘ఉదయ మహోత్సవం’ అని మందిరం గేటుకి అడ్డంగా ఫ్లెక్సీ కట్టారు. అందులో పదిమంది మెంటార్లూ నిలువెత్తున చేతులు జోడించి నవ్వుతున్నారు. కెజియా ఫొటో కింద మూల, ఫ్లెక్సీ అచ్చేసినవాడి ఫోన్ నంబరు పక్కన, తపాలా బిళ్ళంత ఉంది. తాడు కట్టడానికి చిల్లు పెట్టాల్సి వచ్చి దాని మీదే పెట్టారు.

ఉదయించు నాయకురాలి సాక్ష్యం అని కార్యక్రమంలో ఒక అంశం ఉంది. అది చూశాక కెజియాకి ప్రాణం లేచొచ్చింది. పర్యవేక్షకులవారి ఎదుట, సంఘమంతా వింటుండగా, నా క్లాసు నాకిప్పించండి అని అడిగేస్తే? ఒక్క నిమిషం చాలు. కాదనడానికి అంతమందిలో వీళ్ళకి నోరెలా వస్తుంది? ముందురోజు ఆ ఒక్క మాట అద్దం ముందు చెప్పుకుని చూసుకుంది.

ఆ ఆదివారం వేదిక మీద మెంటార్లకీ, పర్యవేక్షకులవారికీ, ఆయన వెంట వచ్చినవారికీ చోటు చాలక, బల్లలు వేసి వేదికని హాలు మధ్య దాకా పొడిగించారు. బెంచీలు పోయినవాళ్ళు ఎండలో షామియానా కింద కూర్చున్నారు. ముందు దండలు. తర్వాత శాలువాలు. తర్వాత ఒక్కొక్క మెంటారూ లేచి రెండేసి మాటలు. జాయింటు సెక్రటరీ మోగుతున్న మైకుని ప్రతిసారీ వేలితో కొట్టాడు. నెహెమ్యాగారు తన వినయాన్ని గురించి చెబుతూ చెబుతూ కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. ఎలీషా మాస్టారు నాయకుడికి ఉండవలసిన లక్షణాలన్నీ అప్పజెప్పారు. ఇక్కడ లేచిపోవడానికి పంపు లేదు గనక జనం కదల్లేదు. పర్యవేక్షకులవారు శ్రద్ధగా నిద్రపోయారు. షామియానా వెనక బిరియానీ దించిన వాసన గుప్పుమంది.

బర్నబాసుగారు గడియారం చూసుకున్నారు. కెజియా లేచి మైకు దగ్గరకొచ్చింది. 

“సమయాభావం వలన,” అన్నారు బర్నబాసుగారు ఆమె తల మీదుగా, “సిస్టర్ కెజియా సాక్ష్యాన్ని వచ్చే సంవత్సరపు మహోత్సవానికి వాయిదా వేయడమైనది. ఆమె చెప్పదలచినది ఆమె మెంటార్లు చెప్పియే ఉన్నారు. అయ్యగారు ముగింపు ప్రార్థన చేస్తారు.”

మైకు ముందు నిలబడ్డ కెజియాకి ఒక్క క్షణం ఏమీ అర్థం కాలేదు. తర్వాత అర్థమై ఒళ్ళంతా భగ్గుమంది. ఛీ, ఏడాది! ఒక ఏడాది పాటు వీళ్ళ గుమ్మాలు తొక్కింది, ఈ మనుషుల వేళ్ళు మైకు మీద ఆడుతుంటే చూస్తూ కూర్చుంది! అయ్యగారి రెప్పలు వాలాయి. సంఘమంతా కళ్ళు మూసుకుంది. ముగింపు ప్రార్థన ఎప్పుడూ పొడుగే, దేశాధినేతల నించి మొదలై సంఘంలో మోకాళ్ళ నొప్పుల దాకా రావాలి. కెజియా వేదిక దిగింది. కళ్ళు మూసుకున్న పెద్దల ముందు నించి, పక్క తలుపులోంచి, బిరియానీ డేగిసాల పక్క నించి నడిచి వెళ్ళిపోయింది. ఆమేన్ మాత్రం ఈసారి అనలేదు.

కాలవకట్ట దగ్గరికి వచ్చేసరికి ఆమె నడక నెమ్మదించింది. ఏ మొహం పెట్టుకుని వెళ్ళాలి? పిల్లలు గుర్తుపడతారా? పంపు దాకా రాగానే పాట వినపడింది. తను నేర్పిన పాటే, వరస మాత్రం ఎక్కడెక్కడికో పోతోంది. పట్టా కింద చాపలు పరిచి ఉన్నాయి. పిల్లలు తను వదిలి వెళ్ళినప్పటికంటే ఎక్కువమందే ఉన్నారు. ముందు నిలబడ్డది సునంద. పన్నెండేళ్ళది, ఒకప్పుడు వెనక కూర్చుని పక్కవాళ్ళ జడలు ముడివేసే పిల్ల.

సునంద కథ చెబుతోంది. తప్పిపోయిన గొర్రె కథ. “అప్పుడా కాపరి రైలు గేటు దాకా ఎతికాడు. లేదు. రొయ్యల షెడ్డులో ఎతికాడు. లేదు. మార్కెట్లో మాంసం కొట్టు ముందు నిలబడి ఏడుపొచ్చేసింది ఆయనకి. ఆకరికి కాలవ అవతల ముళ్ళకంపలో దొరికింది. దొరకగానే గొర్రె ఏవందో తెలుసా? ఇంతసేపా రావడానికి, అంది.”

పిల్లలు పకపకా నవ్వారు. కెజియాకి మాత్రం ఆ మాట వచ్చి గుండెకి తగిలింది. వెనువెంటనే ఇంకోటి కూడా జరిగింది. “అట్లా కాదే, గొర్రె మాట్లాడదు,” అనడానికి ఆమె నోరు తెరుచుకుంది, చూపుడువేలు పైకి లేచింది. ఆ వేలు ఎలీషా మాస్టారి వేలు. దాన్ని చూసుకుని కెజియా సిగ్గుతో చచ్చిపోయింది. గబగబా చెయ్యి కొంగులో దాచేసుకుంది.

అప్పుడే కట్ట మీద కారు ఆగింది. బర్నబాసుగారు, నెహెమ్యాగారు, అయ్యగారు దిగారు. ముగ్గురి దగ్గరా బిరియానీ వాసన వస్తోంది. చీవాట్లకి సిద్ధపడింది కెజియా. కానీ బర్నబాసుగారు రెండు చేతులూ చాపారు.

“అభినందనలమ్మా! ఎవరినీ అడక్కుండా సొంతంగా నిర్ణయం తీసుకుని లేచి వచ్చేశావు. ఇది ఉదయించుటకు స్పష్టమైన సూచన అని పర్యవేక్షకులవారు నిద్రలేవగానే సెలవిచ్చారు. పదిమందీ ఏకగ్రీవంగా ఒప్పుకున్నాం. నేటి నించీ నువ్వు ఉదయించిన దానివి.”

“అంటే... నా క్లాసు?”

“మెంటార్లు క్లాసులు చెప్పరమ్మా, చెప్పేవాళ్ళకి మార్గం చూపిస్తారు. నువ్విప్పుడు పదకొండో మెంటారువి. చిక్కల్లా ఒక్కటే. నువ్వు ఉదయించేశావు గనక, ఇక ఉదయించడానికి సంఘంలో ఎవరూ లేరు. పదకొండుమందిమీ ఖాళీ.” ఆయన కళ్ళు పట్టా కిందికి పోయాయి. “ఎవరా పిల్ల? బాగానే గదమాయిస్తోందే!”

“చాలా మాటకారిలా ఉంది,” అన్నారు నెహెమ్యాగారు. “కాస్త వినయం నేర్పితే పైకొస్తుంది.”

“ముందా క్లాసు ఆపించాలి. నిబంధన,” అన్నారు బర్నబాసుగారు.

“ప్రార్థన చేసుకుందాం,” అన్నారు అయ్యగారు.

ఆయన రెప్పలు వాలడం మొదలైంది. అవి పూర్తిగా మూతపడితే సునంద పని అయిపోయినట్టే. కెజియా పుట్టి బుద్ధెరిగాక అయ్యగారి మొహం మీద అబద్ధం ఆడింది లేదు.

“ఆ పిల్లా? ఆ పిల్లకేమీ రాదండీ!” అని అరిచినంత పని చేసింది. అయ్యగారు ఉలిక్కిపడి కళ్ళు తెరిచారు. “ఇది క్లాసూ కాదు, పాడూ కాదు. పిల్లలు ఆడుకుంటున్నారు. అది ఉత్త అల్లరిది, మాట వినదు. అప్పట్లో ఎలీషా మాస్టారు వస్తే ఆయన్నే వెక్కిరించింది.”

“మాట వినదా?” అన్నారు బర్నబాసుగారు నీరుగారిపోయి.

“బొత్తిగా వినదండీ.”

“మాట విననివాళ్ళు నాయకత్వానికి పనికిరారు,” అని తీర్పు చెప్పేశారు నెహెమ్యాగారు. ముగ్గురూ కాసేపు తలలాడించి, రైలు గేటు అవతల కొత్త సంఘంలో ఎవరైనా దొరుకుతారేమో చూద్దామనుకుంటూ కారెక్కారు.

కారు మలుపు తిరిగేదాకా కెజియా దాన్నే చూస్తూ నిలబడింది. వెనక్కి తిరిగేసరికి సునంద నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉంది. మొహం ఎర్రగా కందిపోయింది.

“నాకేవీ రాదా? నువ్వు రాకపోతే ఇన్నాళ్ళూ ఎవరు చెప్పారు మరి?”

 కెజియా కళ్ళు తుడుచుకుని, వెనక వరసలో ఇద్దరు పిల్లల్ని జరగమని చాప అంచున చోటు చేసుకుంది.

“తర్వాత పాటేంటి టీచరూ?” అంది.

సునంద ఆమెని కిందికీ మీదికీ చూసింది.

“ముందు చెప్పులు బయట విడిచి రా,” అంది.